నక్కల గెడ్డను మింగిన పటం

నేను ఒక పటాన్ని. గోడకు వేలాడే దేవుడి పటాన్ని కాదు, జిల్లాలకు రంగులేసి పిల్లలకు చూపించే బడి పటాన్నీ కాదు. నేల ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో చెప్పే ఎత్తుల పటాన్ని. ఉత్తరాంధ్ర సముద్రపు ఒడ్డున నూట పది చదరపు కిలోమీటర్ల భూమి పదకొండు కోట్ల గళ్ళుగా నా ఒంట్లో ఉంది. ఒక్కో గడి మీటరు పొడవు, మీటరు వెడల్పు. ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఆ అంకెల్లో దాదాపు అన్నీ నిజాలే. ఎనభై వేలు మాత్రం పచ్చి అబద్ధాలు. నా కోపమంతా ఆ ఎనభై వేల గురించే.

కోపంలో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పలేరంటారు. ఆ మాట పుట్టించింది ఎవరో తప్పు చేసి దొరికిపోయినవాళ్ళే అయ్యుంటారు. నేను వరసగానే చెబుతాను.

నా పుట్టుక ఆకాశంలో మొదలైంది. ఒక చిన్న విమానం నాలుగు రోజులపాటు ఆ తీరం మీద దుక్కి దున్నినట్టు అటూ ఇటూ తిరిగింది. దాని పొట్టకింద ఒక లేజరు యంత్రం. సెకనుకు లక్షలసార్లు వెలుగును కిందికి విసిరి, అది దేన్నో తాకి తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని కొలిచి, తాకిన చోటు ఎత్తెంతో రాసుకుంది. ఆ వెలుగు జీడిమామిడి ఆకును తాకింది. రేకు కప్పును తాకింది. మడిలో నిలబడ్డ గేదె వీపును తాకింది. సందు దొరికినచోట నేలను తాకింది. నాలుగో రోజుకు పోగైంది భూమి కాదు, చుక్కల గుట్ట. ఏ చుక్క గేదెదో, ఏ చుక్క నేలదో చెప్పేవాళ్ళు లేరు.

ఆ గుట్ట విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆఫీసుకు, మూడో అంతస్తులో కిటికీ పక్కన కూర్చునే పేడాడ హైమావతి బల్ల మీదికి చేరింది. నన్ను కన్నది ఆవిడే. అప్పటికి ఇరవై ఏడేళ్ళు. తండ్రి సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేసి పోయాడు. ఎండలో ఇనుప గొలుసు లాగి లాగి ఆయన అరచేతుల్లో చర్మం చెప్పు అట్టలా అయిపోయిందని హైమావతి పక్క సీటు అమ్మాయికి చెబుతుండేది. కాలు పెట్టని చోట కొలత రాయకూడదని ఆయన ఇంట్లో కూడా అంటుండేవాడట. కూతురికి మాత్రం కాలు పెట్టకుండానే కొలిచే ఉద్యోగం దొరికింది.

కానీ ఆ పని ఆవిడ నిజాయితీగా చేసేది. చుక్కల్ని ఏరేది. ఇది చెట్టు, ఇది కప్పు, ఇది కరెంటు తీగ అని పక్కకు తీసేసి నేల చుక్కల్ని మాత్రమే మిగిల్చేది. మిగిలినవాటిలో పక్కపక్కనున్న మూడేసి చుక్కల్ని కలిపి యంత్రం చేత ముక్కోణాలు కట్టించేది. ముక్కోణం పక్కన ముక్కోణం, దాన్ని ఆనుకుని ఇంకోటి. అలా కట్టుకుంటూ పోతే నేలంతటి మీదా వల పరిచినట్టవుతుంది. ఆ వల మీద గళ్ళ లుంగీలాగా చదరాలు పరిస్తే అది నేను. ప్రతి గడీ తన కిందున్న ముక్కోణాన్ని, ఇక్కడ ఎత్తెంత అని అడుగుతుంది. ముక్కోణం తన మూడు మూలల మధ్య గుడ్డ బిగించి కట్టినట్టు లెక్కేసుకుని జవాబు చెబుతుంది. చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటే ఆ జవాబు నమ్మదగిందే. దూరమయ్యేకొద్దీ అది జవాబు కాదు, ఊహ.

హైమావతికి ఇది తెలుసు. అందుకే ఒక హద్దు పెట్టింది. పన్నెండు మీటర్ల కంటే పొడవైన భుజమున్న ముక్కోణాన్ని నమ్మొద్దు, ఆ గళ్ళు ఖాళీగా వదిలెయ్ అని యంత్రానికి చెప్పింది. నేను అలాగే పుట్టాను. ఒంటి నిండా అంకెలు, మధ్యలో అక్కడక్కడా తెల్లటి ఖాళీలు. చెరువుల దగ్గర ఖాళీలు, ఎందుకంటే ఆ లేజరు వెలుగును నీళ్ళు మింగేస్తాయి. అన్నిటికంటే పెద్దది గుల్లలపేట అనే జాలరి ఊరికి పడమటగా, నలభై మీటర్ల వెడల్పున రెండు కిలోమీటర్ల పొడవున పామై సాగిన ఖాళీ. అక్కడ మొగలి పొదలు. మొగలి పొద మనిషినే లోపలికి రానివ్వదు, వెలుగును రానిస్తుందా. ఒక్క నేల చుక్క కూడా పడలేదు.

ఆ ఖాళీలతో ఉన్నప్పుడే నేను నికార్సైనదాన్ని. తెలిసినంతవరకే చెప్పాను, తెలియనిచోట నోరు మూసుకున్నాను. మనుషుల్లో ఎంతమంది ఆ పని చేయగలరో మీరే లెక్కేసుకోండి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు యజమాని శశిధర్ వచ్చి హైమావతి కుర్చీ వెనక నిలబడ్డాడు. మర్యాదస్తుడు. ఎవరి మీదా గొంతు పెంచడు. ఆ మర్యాద గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఏంటి హైమా ఇది, చెదలు తిన్నట్టుంది?"

"అక్కడ నేల మీద చుక్కలు పడలేదు సార్. అన్నీ మొగలి పొదలు. ఆ వాలకం చూస్తే కింద వాననీళ్ళు పారే గెడ్డ ఉన్నట్టుంది. ఇద్దరు మనుషుల్ని పంపితే రెండు రోజుల్లో కొలుచుకొస్తారు."

"సోమవారం జిల్లా ఆఫీసుకు అప్పజెప్పాలి. ఖాళీ గళ్ళు ఉండకూడదని ఒప్పందంలో రాశారు. ఆ పన్నెండు మీటర్ల హద్దు ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

"తీసెయ్. అదే నిండిపోతుంది."

"నిండుతుంది సార్. కానీ అది కొలత కాదు."

"చూసేవాళ్ళకి తెలుస్తుందా?"

తెలియదు కదా, అదే సంగతి. శశిధర్ ఇంకొక్క నిమిషం నిలబడి, మీ తమ్ముడి ఫీజు కట్టేశారా అని పలకరించి వెళ్ళిపోయాడు. ఆవిడ మంచినీళ్ళు తాగొచ్చింది. కిటికీలోంచి కాసేపు రోడ్డు చూసింది. నాలుగు గంటలకు పన్నెండు అన్నచోట కొట్టేసి వంద అని రాసింది.

ఆవిణ్ణి నేను క్షమించానని అనుకోకండి. కన్నతల్లి అయినా సరే. ఆ ఒక్క అంకె మారగానే పడమటి గట్టు మీది చుక్కల నుంచి తూర్పు గట్టు మీది చుక్కల దాకా, మధ్యలో నాలుగు మీటర్ల లోతు గెడ్డను దాటుకుంటూ, పొడవాటి సన్నటి ముక్కోణాలు సాగాయి. పడమటి గట్టు పదకొండు మీటర్ల ఎత్తు, తూర్పు గట్టు పదకొండు మీద కొంచెం. మధ్యలో గళ్ళన్నీ పదకొండు, పదకొండు, పదకొండు అని చెప్పేశాయి. గెడ్డ మాయమైంది. దాని చోట బంతాట ఆడుకోవచ్చన్నంత చదునైన నేల వచ్చి కూర్చుంది. ఎనభై వేల గళ్ళు.

హైమావతి ఒక కాగితం రాసి రిపోర్టుకు జత చేసింది. గుల్లలపేట పడమట మొగలి పొదల కింద చూపిన ఎత్తులు కొలిచినవి కావని, అక్కడ గెడ్డ ఉండే అవకాశం ఉందని, ఏ కట్టడమైనా తలపెట్టే ముందు నేల మీద కొలవాలని రాసింది. కింద సంతకం చేసింది. నా అడుగున కూడా, తయారు చేసినవారు అన్నచోట, అదే సంతకం. సోమవారం నేను జిల్లా ఆఫీసుకు వెళ్ళాను. కాగితం వెళ్ళలేదు. శశిధర్ దాన్ని రిపోర్టులోంచి తీసి తన సొరుగులో పెట్టుకున్నాడు.

నా రెండో యజమాని జిల్లాలో ఇంజినీరు వేదాద్రి. ఆ ఏడు గుల్లలపేటను సముద్రం కోసేసింది. మొదటి రెండు వరసల ఇళ్ళు అలల్లో కలిసిపోయాయి. అరవై నాలుగు జాలరి కుటుంబాలకు ఒడ్డుకు దూరంగా, ఎత్తైన చదును నేల మీద ఇళ్ళు కట్టాలని నిర్ణయమైంది. వేదాద్రి నన్ను తెర మీద పరిచాడు. పడమట అందంగా చదునుగా కనబడ్డాను. అక్కడే గీత గీశాడు. గెడ్డను ఆనుకుని ఇళ్ళు, గెడ్డకు అడ్డంగా రోడ్డు, వాననీళ్ళు పోవడానికి రోడ్డు కింద ఒకే ఒక తూము. గెడ్డ నడుం మీద పిల్లల పార్కు.

తర్వాత నన్ను పది అడుగుల ఫ్లెక్సీగా అచ్చు వేయించారు. అప్పటినుంచి నాకు ఒళ్ళు రెండు. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయట ఎండలో. ఫ్లెక్సీని తుఫాను షెల్టరు గోడకు కట్టి గ్రామసభ పెట్టారు. జనం కింద కూర్చున్నారు. వేదాద్రి బెత్తం పెట్టి నన్ను చూపిస్తూ మాట్లాడాడు. అప్పుడు వెనకనుంచి ఒక మనిషి లేచాడు. దుంగ చిన్నారావు. కాలువల వెంట తిరిగి గట్లూ తలుపులూ చూసుకునే లస్కరు. ముప్పై నాలుగేళ్ళుగా అదే పని.

"అయ్యా, అక్కడ గెడ్డుందండి. నక్కల గెడ్డ. మీ బొమ్మలో నేదు."

"ఎక్కడ?"

"అదేనండి, మీరు పార్కు ఎట్టిన కాడ."

వేదాద్రి నావైపు తిరిగి చూశాడు. "ఏదో పల్లం అయ్యుంటుంది చిన్నారావ్. ఇది విమానంతో చేసిన సర్వే. జానెడు తేడా కూడా రాదు."

"జానెడు కాదండి. ఒకడి మీద ఒకడు ఇద్దరు మనుసుల్ని నిలబెట్టినా ములిగిపోతారు. ఏడాదిలో పది నెల్లు నిద్దరోతాదండి అది. లెగిసిన నాడు ఎవులి మాటా ఇనదు."

జనం నవ్వారు. వేదాద్రి కూడా నవ్వాడు. "మ్యాపులో లేనిది నేను ఎస్టిమేటులో ఎలా పెట్టను?" అన్నాడు.

గెడ్డ ఆ షెల్టరుకు కిలోమీటరు దూరం. నడిచి వెళ్ళినా పావుగంట. ఒక్కడూ వెళ్ళలేదు. నన్ను చూశారు, నమ్మారు. నాకు నోరుంటే ఆ గోడ మీదనే అరిచి ఉండేదాన్ని. ముప్పై నాలుగేళ్ళు గట్టు మీద నడిచిన మనిషి మాట కంటే మూడో అంతస్తులో నాలుగు గంటలకు మార్చిన ఒక అంకె వాళ్ళకు ఎక్కువైంది.

కాంట్రాక్టరుకు గెడ్డ కనబడకపోలేదు. మొగలి నరికించగానే నోరు తెరుచుకుని కనబడింది. అతను మాత్రం ఏం చేస్తాడు, పటం చదును అంది కాబట్టి రోడ్డు, పార్కు వచ్చే మేర పూడ్చి చదును చేశాడు.

సభ ఫోటో ఒకటి తిరిగి తిరిగి శశిధర్ ఫోనుకు వచ్చింది. మన పటం వల్ల అరవై నాలుగు ఇళ్ళు అని రాసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. హైమావతి ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది. నా మీద ఎర్రటి గీతలు ఎక్కడున్నాయో చూసింది. లేచి నేరుగా శశిధర్ గదిలోకి వెళ్ళింది.

"నేను రాసిన కాగితం వాళ్ళకి ఇచ్చారా సార్?"

"ఏ కాగితం?" అన్నాడు. తర్వాత గుర్తు తెచ్చుకున్నవాడిలా, "అదా. అది మన లోపలి నోటు హైమా. బయటికి ఇస్తే పటం మొత్తం తిప్పి పంపేవాళ్ళు" అన్నాడు.

ఆ ఆదివారం హైమావతి బస్సెక్కి గుల్లలపేట వెళ్ళింది. తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ గొట్టం ఒకటి అద్దెకు తీసుకుంది. గెడ్డ గట్టు మీద చిన్నారావు కనబడ్డాడు. పూడ్చిన రోడ్డు వైపు చూస్తూ చుట్ట కాలుస్తున్నాడు. ఆవిడ తన పేరు చెప్పి, ఆ పటం చేసింది తనే అని చెప్పింది. చిన్నారావు చుట్ట తీసేశాడు.

"నువ్వేటి తల్లీ చేసింది? మరి గెడ్డేదమ్మా?"

"తీసేశాను బాబాయ్. తీసెయ్యమన్నారు, తీసేశాను."

ఆయన చుట్టను గట్టు మట్టిలో గుచ్చి ఆర్పాడు. "సరే. ఇప్పుడేటి సేద్దారి?" అన్నాడు.

"కొలుద్దాం."

తనకు రాసిచ్చిన స్థలం ఎలా ఉందో చూసుకుందామని అప్పుడే అటు వచ్చిన సూరాడ పోలమ్మ కూడా చేరింది. పోలమ్మ ఇల్లు సముద్రంలో పోయింది. మంచానపడ్డ అత్తతో, ఇద్దరు పిల్లలతో షెల్టరులో ఉంటోంది. సంగతంతా విని, "నా ఇల్లు నీల్లల్లో కట్టిస్తన్నారన్నమాట. ఒక నీల్లకాడి నుంచి ఇంకో నీల్లకాడికి" అని గొట్టం రెండో కొస పట్టుకుంది. సాయంత్రం దాకా ముగ్గురూ మొగలి ముళ్ళు గీరుకుంటూ, కొత్త రోడ్డు ఎగువనా దిగువనా గెడ్డలోకి దిగి ఎక్కి, వెదురు గడ పాతి, ముప్పై ఒక్క చోట్ల లోతు కొలిచారు. వెళ్ళేముందు పోలమ్మ ఆవిడ ఫోను నంబరు అడిగి తీసుకుంది.

హైమావతి ఆ ముప్పై ఒక్క చుక్కల్నీ నాలో కలిపి మళ్ళీ ముక్కోణాలు కట్టింది. గెడ్డ తిరిగి వచ్చింది. నా ఒంట్లో ఇరుక్కున్న ముల్లు తీసినట్టనిపించింది. ఆ కొత్త పటం పట్టుకుని సెలవు పెట్టి వేదాద్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన శ్రద్ధగానే చూశాడు. తెలివితక్కువవాడు కాదు. చూడగానే అర్థమైపోయింది.

"అమ్మాయ్, నీ మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ నీ సంతకం ఉన్న పటం ఒకటి నా ఫైల్లో ఉంది. సంతకం, సీలు ఏమీ లేని పటం ఇంకోటి నువ్వు తెచ్చావు. రేపు ఆడిట్‌కి వచ్చినవాడు దేన్ని చూస్తాడు? పని సగం అయిపోయింది. వచ్చే ఏడు తూములు పెంచే ప్రతిపాదన పెడతాను."

"వానలు వచ్చే ఏడు దాకా ఆగుతాయా సార్?"

ఆయన గంట కొట్టి టీ చెప్పాడు. ఆవిడ టీ తాగకుండా వచ్చేసింది. ఆఫీసు డేటా బయటికి తీసుకెళ్ళిందని వారం తిరక్కుండా శశిధర్ ఆవిణ్ణి పనిలోంచి తీసేశాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. ఆవిడ ఒక పాలిటెక్నిక్‌లో గంటల లెక్కన పాఠాలు చెప్పే పనికి కుదిరింది.

ఆగస్టులో ఇళ్ళ తాళాలిచ్చారు. అక్టోబరులో గెడ్డ లేచింది.

రెండు రోజులుగా పైన కొండల్లో వాన. మూడో రోజు పొద్దున్న పదింటికి ఎర్రటి నీళ్ళు మొగలి మొద్దుల్ని దొర్లించుకుంటూ వచ్చి రోడ్డుకు తగిలాయి. ఆ ఒక్క తూములో మొద్దులు అడ్డంపడి పూడుకుపోయింది. రోడ్డు ఆనకట్ట అయింది. కాలనీ దానికి ఎగువనుంది. రోడ్డు పనులప్పుడు నా ఫ్లెక్సీని తెచ్చి పక్కనే రేకుల షెడ్డులో కట్టారు, అక్కడ వేలాడుతూ అంతా చూశాను. పదకొండింటికి మోకాలి లోతు. పన్నెండయ్యేసరికి కింది వరస ఇళ్ళలో నడుం లోతు. పోలమ్మ అత్తను వీపున వేసుకుని డాబా ఎక్కించింది. పిల్లల్ని పక్కింటివాళ్ళు అందుకున్నారు. నా లెక్క ప్రకారం ఆ డాబాలన్నీ ఎత్తైన చదును నేల మీద ఉన్నాయి.

చిన్నారావు గునపం భుజాన వేసుకుని వచ్చాడు. షెడ్డు చూరు కింద నిలబడి వేదాద్రికి ఫోను చేశాడు.

"అయ్యా, రోడ్డు కొయ్యాలండి. నేకపోతే జనం పోతారు."

ఫోను స్పీకరులో ఉంది. నాకు వినబడింది. "పైనుంచి ఆర్డరు రావాలి చిన్నారావ్. నేను మాట్లాడుతున్నాను. అరగంట ఆగు. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

చిన్నారావు ఫోను జేబులో పెట్టుకుని డాబాల వైపు చూశాడు. తర్వాత రోడ్డు మీదికి వెళ్ళి అటూ ఇటూ నాలుగడుగులు వేసి ఒకచోట ఆగాడు. కాలితో అడ్డంగా గీత గీశాడు. అప్పటికే ఈదుకుంటూ వచ్చిన జాలర్లు పదిమంది చుట్టూ చేరారు.

"ఇక్కడ తవ్వండి. సరిగ్గా ఇక్కడే. పక్కకెల్తే గట్టి నేల తగులుతాది."

వంతులేసుకుని తవ్వారు. ముప్పావుగంట పట్టింది. వేదాద్రి నుంచి ఫోను రాలేదు. మొదట పిల్లకాలువంత నీళ్ళు జారాయి, తర్వాత గెడ్డ తన పని తను చూసుకుంది. పావుగంటలో నలభై మీటర్ల రోడ్డును తునకలు చేసి సముద్రంలోకి తీసుకుపోయింది. అంచు విరిగినప్పుడు చిన్నారావు కూడా కూలాడు. వలతాడు విసిరి లాగారు. ఎడమకాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. కాలనీలో నీళ్ళు రెండు గంటలకల్లా దిగిపోయాయి. ఒక్క ప్రాణం పోలేదు. ఎవరూ చావలేదు కాబట్టి పేపర్లో నాలుగు లైన్లే వచ్చాయి.

అయిదో రోజున కేసు పెట్టారు. శశిధర్ మీద అనుకున్నారా? వేదాద్రి మీద అనుకున్నారా? చిన్నారావు మీద. ప్రభుత్వ రోడ్డును ధ్వంసం చేసినందుకు, పైఅధికారి వద్దన్నా వినకుండా చేసినందుకు. ఆసుపత్రి మంచం మీదనే సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. రోడ్డు తెగకపోయి ఉంటే నీళ్ళు తూములోంచి మెల్లగా దిగిపోయేవని, అది చదును నేల కాబట్టి ప్రాణాలకు ముప్పే లేదని ఫిర్యాదులో రాశారు. చదును నేల అనడానికి సాక్ష్యం ఏమిటి? నేను. పోలీసులు షెడ్డులోంచి నన్ను విప్పి, చుట్టచుట్టి, నంబరు వేసి తీసుకుపోయారు.

ఇంతకంటే అవమానం ఉంటుందా? నా అబద్ధం వల్ల మునిగిన జనాన్ని కాపాడినవాడి మీద నా చేతే సాక్ష్యం చెప్పించబోయారు.

పోలమ్మ హైమావతికి ఫోను చేసింది. "అమ్మా, ఆ మనిసిని దొంగలాగ కోర్టు సుట్టూ తిప్పుతన్నారు. నువ్వు చేసిన బొమ్మే ఆయన మీద సాచ్చికం ఎడతన్నారంట. నువ్వొస్తావా, నేదా?"

"వస్తాను పోలమ్మా."

"ఉజ్జోగం పోయినట్టు ఇంకేటైనా పోతాదేమో సూసుకో మరి. మొహమాటానికి రావొద్దు."

చిన్నారావు తరఫు లాయరు కూడా అదే అన్నాడు. సంతకం నాదే, పటం తప్పే అని ఒప్పుకుంటే రేపు మీ మీదే కేసు తిప్పొచ్చు అన్నాడు. హైమావతి ఒక రుజువు మాత్రం దాచుకుంది, శశిధర్ తీసేసిన కాగితం నకలు, తను అప్పుడే తన మెయిలుకు పంపుకున్నది. దాన్ని తీసుకుని వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఆవిడకు భయం లేదని చెప్పను. బోనులో చేతులు కనబడకుండా వెనక్కి పెట్టుకుంది.

నన్ను కోర్టు గోడకు కట్టారు. ప్రభుత్వ న్యాయవాది బెత్తంతో నా అడుగున చూపించాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"పటం సరిగ్గా ఉందని ధ్రువీకరించింది మీరే?"

"నేనే."

"ఇప్పుడు తప్పని అంటున్నారు. అంటే అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడు."

మేజిస్ట్రేటు ఒకావిడ. కళ్ళజోడు సరిచేసుకుని, నాకు అర్థమయ్యేలా చెప్పండి అంది. హైమావతి చున్నీ తీసి, బల్ల మీదున్న రెండు లావుపాటి పుస్తకాల మధ్య బిగించి పరిచింది.

"ఇవి రెండు గట్లు మేడమ్. వీటి మీద కొలతలున్నాయి. మధ్యలో లేవు. యంత్రం ఇలా గుడ్డ కప్పుతుంది. పైనుంచి చూస్తే చదును. కింద పెన్ను పెట్టినా, మనిషిని పెట్టినా గుడ్డకు తెలీదు. అక్కడ తెలీదు అని ఖాళీ వదిలాను. ఖాళీ కుదరదన్నారు. నిండేలా మార్చింది నేనే. నా చేత్తోనే మార్చాను. వద్దని గట్టిగా అనలేదు. కాగితం రాస్తే సరిపోతుందనుకున్నాను."

మొదటిసారి ఆవిడ మీద నాకు కోపం తగ్గింది. పూర్తిగా కాదు, కొంత.

చివర్లో మేజిస్ట్రేటు చిన్నారావును లేవమంది. ఆయన కర్ర ఆసరాతో లేచాడు.

"రోడ్డు అంత పొడవుంది కదా. మీరు సరిగ్గా అక్కడే ఎందుకు తవ్వించారు?"

"అది గెడ్డ దారండి. ఆల్లు మూసీసినారు, నాను తెరిసినాను. నీల్లకి దారియ్యడమే కదండి నా ఉజ్జోగం. దానికే కదా ముప్పై నాలుగేళ్ళు జీతమిచ్చినారు."

కేసు కొట్టేశారు. దానికి పంతొమ్మిది నెలలు పట్టింది. చిన్నారావును తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్న ఉత్తర్వు, పదవీ విరమణ ఉత్తర్వు ఒకే వారంలో ఆయన ఇంటికి వచ్చాయి. కాలు మాత్రం వంకరగానే అతికింది. వేదాద్రికి ప్రమోషను మీద బదిలీ అయింది. శశిధర్ ఆఫీసుకు ఇంకో రెండు జిల్లాల పని వచ్చింది. తెగిన చోట ఇప్పుడు నాలుగు ఖానాల వంతెన కడుతున్నారు. దాని డిజైనుకు వాడింది ముగ్గురు మనుషులు ముళ్ళు గీరుకుంటూ కొలిచిన ఆ ముప్పై ఒక్క లోతులే. డ్రాయింగు మీద వాళ్ళ పేర్లు లేవు. హైమావతి ఇప్పటికీ పాలిటెక్నిక్‌లోనే ఉంది. ఇంత జరిగాక ఆవిడకు దొరికింది, పోలమ్మ ఏటా పంపే ఎండు నెత్తళ్ళు.

నన్ను కోర్టు సామాన్ల గదిలో పడేశారు. ఒక పక్క తుప్పు పట్టిన సైకిళ్ళు, ఒక పక్క సీళ్ళు వేసిన సారా క్యాన్లు. తీర్పులో చివరి పేరా నా గురించే. అప్పీలు గడువు దాటాక ఈ పటాన్ని ధ్వంసం చేయాలి అని ఉంది. నాకు అభ్యంతరం లేదు. తొందరగా కాల్చండి.

కానీ కాలేది ఫ్లెక్సీ ఒక్కటే. నా అసలు ఒళ్ళు, హైమావతి సరిదిద్దినది కాదు, ఆ శుక్రవారం నాటిది, ఇంకా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంది. సంతకం ఉంది కాబట్టి అదే అధికారిక పటం. తీసెయ్యమని హైమావతి అయిదుసార్లు రాసింది. మీ వినతి అందింది అని అయిదుసార్లూ జవాబొచ్చింది. ఈ నెలలో ముగ్గురు నన్ను దించుకున్నారు. ఒకరు రొయ్యల గోదాముకట, ఒకరు బడి భవనానికట, మూడోవారు ఎందుకో రాయలేదు. నక్కల గెడ్డ మీదికి వచ్చేసరికి ముగ్గురికీ చదునైన నేల కనబడింది, ముగ్గురికీ నచ్చింది. వెళ్ళి చూసొద్దామని ఒక్కరూ అనుకోలేదు.